లింగమూర్తి చెక్కిన మోటారు బిళ్ల

కరీంనగర్‌లో వెండి తీగ పని చేసే అవుసలి లింగమూర్తికి, తాను చేసి ఇచ్చిన వస్తువు మీద నుంచి మనసు ఒక పట్టాన ఊడి వచ్చేది కాదు. అత్తరుదాను కొన్నవాళ్లు దాన్ని ఇంటికి పట్టుకుపోయాక కూడా, మూత బిగువు తగ్గిందేమో, ఆకు చివర అతుకు విడిందేమో అని లోపల ఒకటే గుబులు. ఏదో వంక పెట్టుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడేవాడు. ఒక వకీలు గారింటికి అలా పదే పదే పోతే, "నువ్వు కనపడంగనే ఆ ఇంట్ల ఆడోళ్లు తలుపు దగ్గరికేస్తున్నరట" అని భార్య భూమవ్వ చెప్పింది. సిగ్గుపడ్డాడే గానీ, మర్నాడు మళ్లీ ఆ వీధిలోనే నడిచాడు.

పోలీసు చర్య తర్వాత హైదరాబాదు నుంచి వచ్చే పెద్ద పనులు తగ్గిపోయాయి. నవాబుల ఇళ్లకు వెండి ఏనుగులు, పూలబుట్టలు చేసిన చేతులు ఇప్పుడు బిందెల మీద పేర్లు కొడుతున్నాయి, బడిపిల్లలకు పతకాలు చేస్తున్నాయి, డాక్టర్ల గుమ్మాలకు ఇత్తడి పలకలు చెక్కుతున్నాయి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు లింగమూర్తి చదువుకోలేదు. చూసి చూసి గుర్తుపట్టడమే. వాటిని కూడా తీగ వంపుల్లాగే చూసేవాడు. ముందు ఒక నమూనా పెడితే చాలు, వంపు తప్పకుండా దించేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, ఎండలు ముదరకముందు, పెద్దపల్లి నుంచి అంతయ్య అనే మోటారు బేరగాడు వచ్చాడు. పాత కార్లు, లారీలు కొనిపించడం, అమ్మించడం అతని పని. రుమాలులో చుట్టిన చిన్న ఇత్తడి బిళ్ల తీసి లింగమూర్తి ముందు పెట్టాడు.

"ఇది మోటారుది అన్నా. ఫ్యాక్టరీలనే బిగించి పంపుతరు. ఇంజను నంబరు, చాసిస్ నంబరు అన్ని దీని మీదనే ఉంటయి. ఈ బండి ఏ బండి అని ఎవలన్న అడిగితే చూపెట్టేది గిదే. గిట్లయింది చూడు."

లింగమూర్తి దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. ఒక పక్క చిలుము పట్టి, అంచు ఎలుక కొరికినట్టు తినిపోయి ఉంది.

"తేజాబు పడ్డది."

"అవు, బ్యాటరీల యాసిడ్ కారింది. కొన్నాయన బిళ్ల సాఫ్‌గ లేదని సణుగుతుండు. రాష్ట్రం మారినంక కచేరీలల్ల బండ్లు మల్ల చూస్తున్నరు. అచ్చం గిట్లాంటిదే ఒకటి చేసియ్యి."

చాసిస్ నంబరులో ఒక అంకె ఎడమ సగం లేదు. కుడివైపు రెండు వంపులు, ఒకదాని కింద ఒకటి, మిగిలాయి. అంతయ్య వేలు అక్కడ ఆగింది.

"గిది ఏందో తెలుస్తలేదు. జర ఆగు, పాత మాలికుని దగ్గర నంబరు రాసి ఉంటది. అడిగొస్త."

"ఏం అవసరం లేదు," అన్నాడు లింగమూర్తి. "గది ఎనిమిదే. వంపు చూస్తే నాకు ఎరుకైతది."

కొత్త బిళ్ల తయారైంది. ఫ్యాక్టరీ అక్షరాలు అచ్చు పెట్టి కొట్టినవి, వాటి గుంట అడుగు చదునుగా ఉంటుంది. లింగమూర్తివి సన్న ఉలితో చెక్కినవి, గుంటలో వెలుతురు పడితే గీతగా మెరుస్తుంది. ఆ తేడా అతనికి తప్ప ఇంకొకరికి తెలియదు. అంతయ్య సంతోషంగా పట్టుకుపోయాడు. పాతది వదిలిపోతే లింగమూర్తి దాన్ని ఇత్తడి ముక్కలతో కలిపి కరిగించాడు.

ఈసారి వస్తువు ఏ ఇంట్లో ఉందో తెలియదు. వెళ్లి చూసుకోవడానికి గుమ్మమే లేదు. ఆ వెలితితోనే అతను కొన్నాళ్లు తిరిగాడు. ఒక పొద్దున బస్టాండు దగ్గర హోటల్లో చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద ఒక లారీ డ్రైవరు చెబుతున్నాడు. నాందేడు దిక్కు ఎక్కడో దొంగిలించిన కారుకు వేరే నంబరుతో బిళ్ల చెక్కించి అమ్మారట.

"కారు దొంగ దొరకనే లేదు," అన్నాడు డ్రైవరు. "చెక్కినోడు దొరికిండు. చేతిపనిని బట్టి ఇంటికొచ్చి పట్టుకపోయిన్రు."

లింగమూర్తి చాయ్ సగంలో వదిలి లేచాడు.

ఆ రోజు నుంచి అతని చేతికి పని కుదరలేదు. ఊదుగొట్టం నోట్లో పెట్టుకుంటే ఊపిరి నిలకడగా వచ్చేది కాదు. మంట ఎక్కువై తీగ ముద్దయ్యేది. వీధిలో సైకిలు ఆగితే లేచి తొంగి చూసేవాడు. అన్నం ముందు కూర్చుని మధ్యలో చేయి కడిగేసేవాడు. అంతయ్య మాటలు ఒక్కొక్కటి గుర్తు తెచ్చుకుంటే ఇప్పుడు అన్నీ వంకరగా వినిపించాయి. పాత బిళ్ల ఎందుకు వదిలిపోయాడు? రుమాలులో ఎందుకు చుట్టుకొచ్చాడు?

చివరికి భూమవ్వ అతని ముందు కూర్చుని, "ఏమైంది నీకు? చెప్పు," అంది.

చెప్పాడు.

"బండి ఎవలిదో అడగలేదా?"

"అడగలే."

"పోయి చూసి రా మరి. దొంగది అయితే మనమే పోయి చెప్పుదాం. వాళ్లు వచ్చి అడిగేదాక కూసుంటే నువ్వు బతకవు, నన్ను బతకనియ్యవు."

పెద్దపల్లి బస్సు ఎక్కాడు. అంతయ్య ఇంటికి తాళం ఉంది. భైంసాలో ఎవరిదో జీపు అమ్మకానికి ఉందంటే పోయాడని, ఎప్పుడొస్తాడో తెలియదని పక్కింటివాళ్లు చెప్పారు. లింగమూర్తి ఆ తాళాన్ని ఒకసారి పట్టుకుని లాగి చూశాడు. బేరానికి పోయిన మనిషి పెళ్లాంపిల్లలతో పోతాడా? వాళ్లు పుట్టింటికి పోయారని పక్కింటామె అన్నా అతని చెవికి ఎక్కలేదు. కారు సంగతి అడిగితే మాత్రం ఆమె వెంటనే చెప్పింది. బూడిద రంగు ఆస్టిన్. మంచిర్యాల స్టేషన్ దగ్గర కిరాయికి నడుపుకునే రాయమల్లు కొన్నాడు.

రైలెక్కి గోదావరి దాటాడు. మంచిర్యాల స్టేషన్ బయట టాంగాల పక్కన రెండు కార్లు ఉన్నాయి. రెండూ నల్లవే. అయినా ఒకదాని బానెట్ సందులోకి వంగి చూస్తుంటే దాని డ్రైవరు వచ్చి భుజం పట్టుకున్నాడు.

"ఏం దేవులాడుతున్నవ్?"

"రాయమల్లు బండి."

"కండ్లు కనపడయా? గిది నలుపు." తర్వాత కొంచెం మెత్తబడి ఇల్లు చూపించాడు.

రాయమల్లు భార్య కొమురవ్వ వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. భర్త యాత్రికులను ఎక్కించుకుని, రేవు దగ్గర బల్లకట్టు మీద బండిని దాటించి, కొండగట్టుకు పోయాడంది. ఎండన పడి వచ్చావని మజ్జిగ ఇచ్చింది. అడగకముందే బండి సంగతి ఎత్తుకుంది.

"ఇన్నేండ్లు గుత్తేదారు బండే నడిపిండు. ఆయన ఎప్పుడు లెమ్మంటే అప్పుడు లేసుడు. ఇప్పుడు మా బండి మాదే. పేరు మార్పియ్యాలెనని బండి బుక్కు ఆదిలాబాదు కచేరీల ఇచ్చిండు. ఇన్‌స్పెక్టరు గిక్కడికే వచ్చి బండి చూస్తడట, చూస్తే అయిపాయె."

"ఎప్పుడొస్తడు?"

"వచ్చే సోమారం."

లింగమూర్తి మిగిలిన మజ్జిగ ఒక్క గుక్కలో తాగాడు. తాను వచ్చిన పని ఆమెకు చెప్పలేక, గ్లాసు కడిగి బోర్లించి లేచాడు.

కొండగట్టు లింగమూర్తి ఊరికి పక్కనే. వెతకడానికి నది దాటి వచ్చి, ఆ వెతికేదాని కోసం మళ్లీ వెనక్కి పోవాలి. రైలు, బస్సు, మళ్లీ బస్సు. కొండగట్టు దేవుడి జయంతి రోజులు కావడంతో జగిత్యాల బస్సులో నిలబడేందుకు కూడా చోటు లేదు. రాయమల్లు తిరిగి వెళ్లిపోయి ఉంటాడేమోనని దారిలో ఎదురైన ప్రతి కారునూ మెడ సాచి చూశాడు.

గుట్ట కింద ఎడ్లబండ్లు, బస్సులు, మధ్యలో బూడిద రంగు కారు. ముందు భాగమంతా సిందూరం పూసి, మామిడాకులు కట్టి ఉన్నాయి. నలభై ఏళ్ల మనిషి తలుపు తెరిచి, కాళ్లు బయటికి చాపి సీటు మీద పడుకున్నాడు.

"రాయమల్లు నువ్వేనా?"

"అవు. కిరాయికైతే దొరకదు. మనుషులు దర్శనానికి పోయిన్రు, దిగంగనే పోవాలె."

"కిరాయి కాదు. జర బానెట్ లేపుతవా? లోపల బిళ్ల చూడాలె."

రాయమల్లు లేచి కూర్చున్నాడు. "ఇన్‌స్పెక్టరు మనిషివా?"

"కాదు. ఆ బిళ్ల చెక్కినోన్ని."

"చెక్కుడేంది? అది బండితోటి వచ్చింది. తేజాబు మరకలు సాఫ్ చేపిచ్చి తెచ్చిన అన్నడు అంతయ్య."

ఆ మాటతో లింగమూర్తికి అనుమానం గట్టిపడింది. రాయమల్లు దిగి బానెట్ లేపాడు. ఇంజను వెనక రేకు మీద, నాలుగు రివిట్ల మధ్య, ఇత్తడి బిళ్ల. దుమ్ము తుడిచి తల పక్కకు వంచితే గుంటల్లో సన్నని మెరుపు కనిపించింది. ఎక్కడ చూసినా గుర్తుపట్టగల చేయి. తనదే.

నాందేడు సంగతి మొత్తం చెప్పాడు. వింటున్నంతసేపూ రాయమల్లు చేతిలో గుడ్డను మెలిపెడుతూనే ఉన్నాడు.

"అంటే నా బండి దొంగదంటవా?"

"తెల్వది. అందుకే వచ్చిన."

"తెల్వకుంట ఎట్ల చెక్కినవ్? పదేండ్లు ఒకని కింద పనిచేసి కొనుక్కున్న. ఆమె మెడల పుస్తె తప్ప అంత పోయింది గీ బండికే. నువ్వొచ్చి బిళ్ల నాదంటున్నవ్."

లింగమూర్తి తల దించుకున్నాడు. రాయమల్లు కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. తర్వాత గుడ్డను పెట్రోలులో తడిపాడు.

"మేస్త్రి ఒకసారి చెప్పిండు. బిళ్ల మీద ఉన్న నంబరే కింద చాసిస్ ఇనుము మీద కూడ కొట్టి ఉంటదట. నేనెన్నడు చూడలే. దూరు కిందికి. బండి దొంగదైతే గిక్కడనే తెలుస్తది."

లింగమూర్తి భుజం మీద తువ్వాల పరుచుకుని కారు కిందికి దూరాడు. ముందు చక్రం వెనక ఇనుప దూలానికి మట్టి, గ్రీజు కలిసి పెచ్చులా కట్టుకుపోయి ఉంది. గోటితో గీకాడు, గుడ్డతో రుద్దాడు. కాసేపటికి గుంటలు తేలాయి. చూపు ఆనకపోతే వేలు పెట్టి తడిమాడు.

"దొరికింది. నువ్వు బిళ్ల చూసి చదువు."

రాయమల్లుకు ఇంగ్లీషు అంకెలు వచ్చు. ఒక్కొక్కటే చదివాడు. కింద నుంచి లింగమూర్తి "ఊఁ" అంటూ వేలు జరిపాడు. ఒకటి, ఐదు, సున్నా. ప్రతి అంకె కుదురుతున్న కొద్దీ అతని గుండె దడ తగ్గసాగింది.

"ఎనిమిది."

లింగమూర్తి ఊఁ అనలేదు.

"వినపడలేదా? ఎనిమిది."

"మల్ల చూడు."

"ఏం చూసుడు? ఎనిమిదే. నువ్వు చెక్కిందే గద."

లింగమూర్తి వేలు ఆ గుంట వెంట పై నుంచి కిందికి పోయింది. కుడివైపు రెండు వంపులూ ఉన్నాయి. ఎడమవైపు ఏమీ లేదు. వట్టి ఇనుము, నున్నగా. ఇంకొకసారి పెట్రోలు పూసి రుద్దాడు. మట్టి కాదు, అరుగుదల కాదు. అక్కడ ఎవరూ ఎప్పుడూ ఏమీ కొట్టలేదు.

"గిది మూడు," అన్నాడు.

మిగతావి కూడా చదివించాడు. అన్నీ కలిశాయి. ఆ తర్వాత కూడా అతను కారు కింద నుంచి రాలేదు. రాయమల్లు వంగి చూసి, "ఏమైంది?" అన్నాడు.

"బండి నీదే. దొంగది కాదు. బిళ్ల తప్పు. పాత బిళ్ల మీద సగం అంకె తినిపోయింది. అంతయ్య అడిగొస్తనన్నడు. నేనే వద్దన్న."

బయటికి వచ్చాక అతని వీపంతా మట్టి. రాయమల్లు ముఖంలో ముందు ప్రాణం లేచి వచ్చింది. వెంటనే సోమవారం గుర్తొచ్చి మళ్లీ వాడిపోయింది.

"నీ దగ్గర ఉలి ఉన్నదా?"

"సంచిల ఉన్నది."

"మరేంది? ఎడమ పక్క గీతలు పూడ్చి మూడు చెయ్యి. నిమిషం పని."

నిజంగానే నిమిషం పని. గీతల్లో ఇత్తడి తీగ నింపి, కొట్టి, అరగదీస్తే సరిపోతుంది. లింగమూర్తి వేళ్లు అప్పుడే సంచి ముడి మీద ఉన్నాయి. ముడి విప్పాడు. బిళ్ల వైపు చూశాడు. మళ్లీ ముడి వేశాడు.

"చెయ్య. ఇప్పటిదాక గిది తప్పు చెక్కిన బిళ్ల. నేను ముట్టుకుంటే దొంగతనంగ దిద్దిన బిళ్ల అయితది. నీ మీద పడ్తది."

"తప్పు ఉంటె పడదా?"

"నేనొస్త. నేనే చెప్త."

"నువ్వొస్తవ్, చెప్తవ్, ఇంటికి పోతవ్. నా బండి?"

రాయమల్లు కసిరాడు, బతిమాలాడు, ఉలి తానే లాక్కోబోయాడు. అంతలో యాత్రికులు ప్రసాదాలతో దిగివచ్చారు. రాయమల్లు బానెట్ దించి, ముందు సీటు వైపు చూపించి, "ఎక్కు. నిన్ను ఇడ్సి పోను," అన్నాడు. కారు మంచిర్యాల దారి పట్టింది. వెనక నుంచి ఎవరో కొబ్బరి ముక్క అందిస్తే లింగమూర్తి చేతిలో పెట్టుకుని, తినడం మరిచిపోయాడు.

సోమవారం దాకా అతను రాయమల్లు ఇంటి అరుగు మీదే ఉన్నాడు. కొమురవ్వకు సంగతి తెలిసింది. ఆమె అన్నం పెట్టింది గానీ అతని ముఖం వైపు చూడలేదు. కూర్చోలేక అతను స్టేషన్ దాకా నడిచేవాడు, తిరిగి వచ్చేవాడు, మళ్లీ బయలుదేరేవాడు.

ఇన్‌స్పెక్టరు ముసాఫిర్ బంగళాలో దిగాడు. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, నెమ్మదస్తుడు. కారు కింద నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. అంకెలు తెల్లగా తేలాయి. కాగితాన్ని బండి బుక్కుతో చూసుకుని, బిళ్ల మీది ఎనిమిది దగ్గర ఆగాడు.

"ఇది కంపెనీది కాదు. ఎవరు చేశారు?"

"నేనేనండి," అని లింగమూర్తి ముందుకు వచ్చి ఉన్నదంతా చెప్పాడు.

"పాత బిళ్ల ఏది?"

"కరిగిచ్చిన."

"ఎంత పని చేశావయ్యా. అది ఉంటే ఇప్పుడే తేలిపోయేది." ఇన్‌స్పెక్టరు కాగితాన్ని బండి బుక్కులో పెట్టాడు. "బండి బుక్కు, చాసిస్ నంబరు కలిశాయి. నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. కానీ చేయించినవాడు కూడా వచ్చి చెప్పాలి. ఆ అంతయ్య వచ్చేదాకా బండి కిరాయికి తిప్పకూడదు."

పెళ్లిళ్ల రోజులు. కారు ఇంటి ముందు నిలిచిపోయింది. బేరాలకు వచ్చినవాళ్లు పక్క బండ్లు మాట్లాడుకుని పోతుంటే రాయమల్లు గడపలో కూర్చుని చూశాడు. లింగమూర్తి ఆ సాయంత్రమే, అంతయ్య కోసం భైంసా పోవడానికి, నిర్మల్ బస్సు పట్టుకున్నాడు.

భైంసాలో పత్తి మిల్లుల వీధి వీధీ తిరిగాడు. పెద్దపల్లి బేరగాడని అడిగితే కొందరు మరాఠీలో ఏదో చెప్పి చేయి ఊపారు, కొందరు తప్పు దారి చూపారు. చివరికి ఒక జిన్నింగు మిల్లు వెనక, జీపు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి. అంతయ్యవే. సంగతి విని అతను మీసాల మీద మట్టి తుడుచుకున్నాడు.

"నేను దొంగననుకున్నవా?"

"అనుకున్న."

"అడిగొస్త అంటే వద్దన్నది నువ్వే గద."

"నేనే. నువ్వు రాయమల్లుకు సాఫ్ చేపిచ్చిన అని అబద్ధం చెప్పకపోతే నాకు గంత అనుమానం రాకపోవు."

జీపు బేరం పాడవుతుందని అంతయ్య గొణిగాడు, తిట్టాడు, మరో రోజు ఆగమన్నాడు. లింగమూర్తి అతని చెప్పుల పక్కనే నిలబడి కదల్లేదు. చివరికి ఇద్దరూ బస్సెక్కారు. అంతయ్య సీట్లో ఒరిగి నిద్రపోయాడు. లింగమూర్తి మాత్రం, ఇతను ఏ ఊళ్లోనైనా దిగిపోతాడేమోనని కన్ను మూయలేదు.

ఆదిలాబాదులో ఇన్‌స్పెక్టరు ఇద్దరి మాటలూ రాయించుకుని సంతకాలు తీసుకున్నాడు. మళ్లీ ఇలాంటి పని ముట్టుకుంటే పోలీసులకు అప్పగిస్తానన్నాడు. మంచిర్యాలకు వచ్చి నలుగురు చూస్తుండగా రివిట్లు కోయించి ఇత్తడి బిళ్ల తీసేయించాడు. ఫ్యాక్టరీ బిళ్ల లేదనీ, చాసిస్ నంబరు సరిపోయిందనీ బండి బుక్కులో రాసి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నమే రాయమల్లుకు చెన్నూరు బేరం తగిలింది. కారు స్టార్టు చేసి, లింగమూర్తి వైపు చూడకుండానే, "రైలు టైముకు పో. మల్ల ఉండదు," అన్నాడు. లింగమూర్తి ఇంటికి చేరేసరికి భూమవ్వ పొయ్యి ముందుంది. మనిషిని చూసి స్నానానికి నీళ్లు పెట్టింది.

ఆ తర్వాత అతను వెండి తీగ తప్ప మరేదీ పట్టలేదు. పలకలు, పతకాలు వస్తే వేరే వీధికి పంపేవాడు. సంపాదన తగ్గింది. నిద్ర మాత్రం పెద్దగా పెరగలేదు. రోడ్డు మీద కారు ఆగితే, ఏదో తనకు రావలసింది వచ్చినట్టు, పని వదిలి లేచేవాడు.

కొన్నేళ్ల తర్వాత అలాగే ఒకనాడు లేచి చూస్తే బూడిద రంగు ఆస్టిన్. దాని రంగు అక్కడక్కడా లేచిపోయింది. రాయమల్లు దిగాడు, వెనక కొమురవ్వ కొత్త ఇత్తడి బిందెతో దిగింది. కూతురు పెళ్లి సామాను కొనడానికి వచ్చారు.

"అవుసలాయనా," అన్నాడు రాయమల్లు, "దీని మీద పిల్ల పేరు కొట్టియ్యి."

"పేర్లు కొట్టుడు బందు పెట్టిన. పక్క గల్లీల మంచి పనోడున్నడు, నేను చూపెడ్త."

రాయమల్లు ముఖం చిన్నబోయింది. వేరే ఎక్కడికీ పోకుండా ఇంతదూరం ఎందుకు వచ్చాడో అతను చెప్పలేదు, లింగమూర్తి అడగలేదు. కొమురవ్వ బిందెను చంకకు ఎత్తుకుంది.

"పేరు లేకుంటేంది, బిందె మా పిల్లదే గద. కొట్టకు తియ్యి."

భూమవ్వ వాళ్లను లోపలికి పిలిచి చాయ్ పెట్టింది. చాయ్ తాగుతున్నంతసేపూ రాయమల్లు గోదావరి మీద కడతారంటున్న వంతెన గురించి, పెరిగిన పెట్రోలు ధర గురించి మాట్లాడాడు. లింగమూర్తి వింటూ, కొమురవ్వ ఒడిలో ఉన్న బిందె అంచు మీద చిన్న సొట్ట చూసి, అడగకుండానే దాన్ని అందుకుని, లోపలి నుంచి కర్ర సుత్తితో మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు.